రోగం లేని జిల్లాకు రాజమార్గం

జిల్లా ఆరోగ్య నివేదిక తయారుచేసే సీట్లోకి వచ్చావని విన్నాను. సంతోషం అబ్బాయీ. అది మూలన పడేసే సీటని కొందరు నిన్ను భయపెట్టి ఉంటారు. నమ్మకు. డాక్టర్లు ఏళ్ల తరబడి మందులిచ్చినా తగ్గని జబ్బును నువ్వు ఒక మధ్యాహ్నం కుర్చీలోంచి లేవకుండా తగ్గించగలవు. పై ఆఫీసు అడిగేది తగ్గిన జబ్బును కాదు, తగ్గిన అంకెను. ఈ తేడా ఎరిగినవాడు శాలువా కప్పించుకుని రిటైరవుతాడు. ఎరగనివాడు ఏజెన్సీకి బదిలీ మీద పోతాడు. అక్కడ జబ్బు ఎదురుగా కనబడుతుంది, ఇక వాడు బాగుపడడు.

నా సర్వీసంతా పొగాకు లెక్కలతోనే గడిచింది కాబట్టి వాటి మీదే చెబుతాను. మిగతా జబ్బులకు నువ్వే సర్దుకో.

సగటు దాటి కిందికి దిగకు

2016-17లో చేసిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే (గ్యాట్స్) ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అంతకుముందు 2009-10లో ఇది 34.6. చూశావా, తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌ది 20.0, తెలంగాణది 17.8. ‘జాతీయ సగటు కంటే మనం మెరుగు’ అనే శీర్షిక చేతికొచ్చేసింది. బోల్డులో కొట్టించి అక్కడితో ఆపెయ్. ఆపకపోతే అదే పట్టికలో త్రిపుర 64.5 అనీ గోవా 9.7 అనీ కంటపడుతుంది. ఒకే దేశంలో ఇంత తేడా ఎందుకొచ్చిందని ఆలోచన పుడుతుంది. అలా ఆలోచించినవాడు మన జిల్లాలో మండలానికీ మండలానికీ మధ్య ఎంత తేడా ఉందని అడక్క మానడు.

చదువు తగ్గేకొద్దీ, సంపాదన తగ్గేకొద్దీ పొగాకు వాడకం పెరుగుతుందని ఈ దేశంలో జరిగిన ప్రతి పెద్ద సర్వే చెబుతూనే ఉంది. గిరిజనుల్లో ఎక్కువని కూడా చెబుతుంది. అవన్నీ నివేదిక అడుగున ఉండే పట్టికలు. అడుగంటిన అన్నాన్ని కదపకుండా పైపైన వడ్డించే ఇల్లాలి నేర్పు నీకు రావాలి. కులం, తెగ, వృత్తి అంటూ కాలమ్‌లు పెంచావంటే కాగితం అడ్డంగా తిప్పాల్సి వస్తుంది. అడ్డంగా తిప్పిన కాగితం చదవాలంటే పెద్దలకు మెడ పడుతుంది.

రెండు సర్వేలు రెండు అంకెలు చెబితే కంగారు పడకు, పండగ చేసుకో. మహిళల్లో పొగాకు వాడకం గ్యాట్స్‌లో 14.2 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 8.9. అడిగిన తీరు వేరు, అడిగిన ఏడు వేరు. సాధించిన ప్రగతి చూపించాల్సిన రోజున చిన్న అంకె వాడు, నిధులు అడగాల్సిన రోజున పెద్దది వాడు. ఒకే నివేదికలో రెండూ పెట్టేవాణ్ణి మాత్రం మన శాఖ క్షమించదు.

ఇక జిల్లాల విభజన అనేది మనలాంటి వాళ్లకు దేవుడిచ్చిన వరం. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, ఆ తర్వాత ముప్పై మూడు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. అప్పటికంటే ఇప్పుడు అంకె పెరిగితే పక్కన చుక్కగుర్తు పెట్టి ‘జిల్లా పునర్వ్యవస్థీకరణ వల్ల పాత గణాంకాలతో పోల్చరాదు’ అని రాయి. తగ్గితే చుక్కగుర్తు అక్కర్లేదు, పోల్చు.

గడి ఖాళీగా ఉంచడం ఒక కళ

ఇది కాస్త నిదానంగా విను, అసలు విద్య ఇక్కడే ఉంది.

మనిషి పోతే మరణం నమోదు చేయడానికి ఫారం 2 అని ఒకటి ఉంటుంది. పేరు, ఊరు, వయసు, మరణ కారణం లాంటివన్నీ అయ్యాక చివర్లో నాలుగు గడులుంటాయి. పొగ తాగే అలవాటుంటే ఎన్నేళ్ల నుంచి? పొగాకు నమిలే అలవాటుంటే ఎన్నేళ్ల నుంచి? వక్క, పాన్ మసాలా నమిలే అలవాటుంటే ఎన్నేళ్ల నుంచి? మద్యం తాగే అలవాటుంటే ఎన్నేళ్ల నుంచి? ఎవరో మహానుభావుడు ఈ దేశంలో పోయే ప్రతి మనిషి గురించీ ఈ నాలుగు ప్రశ్నలు అడగాలని రాసి పెట్టాడు. అన్ని ఊళ్లలోనూ ఇవి నిజంగా నింపితే ఏ మండలంలో ఏ కులవృత్తివాళ్లు ఏ వయసులో ఎందుకు పోతున్నారో ఏ సర్వే అక్కర్లేకుండా తెలిసిపోతుంది. ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో అర్థమైందా?

ఆ ప్రమాదాన్ని ఆపేది పంచాయతీ ఆఫీసు బల్ల. తండ్రి పోయిన కొడుకు సర్టిఫికెట్ కోసం వస్తాడు. బ్యాంకులో పని, పాసుపుస్తకంలో పేరు మార్పు, వితంతు పింఛను, అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటాయి.

“మీ నాన్న చుట్ట కాల్చేవాడా?”

“ఏదో, అందరిలాగే అండీ.”

“ఎన్నేళ్ల నుంచి?”

“నాకు తెలిసిన కాణ్ణించీ కాలుస్తూనే ఉన్నాడండీ.”

‘తెలిసిన కాణ్ణించీ’ అనేది అంకె కాదు. కాబట్టి అడ్డగీత. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉంటారు, కరెంటు పోతే కంప్యూటర్ ఆగిపోతుంది. అడిగినవాడి తప్పూ లేదు, చెప్పినవాడి తప్పూ లేదు. అడ్డగీతలన్నీ కలిపి కూడితే సున్నా వస్తుంది, ఆ సున్నాను నువ్వు నివేదికలో ‘పొగాకు సంబంధిత మరణాలు: నమోదు కాలేదు’ అని రాస్తావు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆసుపత్రిలో పోతే ఫారం 4, బయట పోతే డాక్టరు ఇచ్చే ఫారం 4ఏ. వీటిలో మరణానికి వెంటనే కారణం ఏమిటి, దానికి వెనక కారణం ఏమిటి, అన్నిటికీ మూలం ఏమిటి అని మెట్లు మెట్లుగా అడుగుతారు. మూలం దాకా వెళ్లే డాక్టర్లకు దూరంగా ఉండు. పైమెట్టులో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి సంతకం చేసేవారే మనవాళ్లు. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరు పోయారు గనక? అలా రాయకూడదని నిబంధనల్లోనే ఉంది, కానీ నిబంధనలు చదివే తీరిక క్యాజువాల్టీలో ఎవరికుంది? అదీగాక, 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగిలినవాళ్లు ఊరికే పోయారు. ఆ ఊరికే పోయినవాళ్లు ఎక్కువగా ఏ ఊళ్లవాళ్లో, ఏ పేటల వాళ్లో నీకు చెప్పక్కర్లేదు. డాక్టరు ఉన్నచోట పోయేవాడికే కారణం ఉంటుంది.

మరో మాట. క్షయతో పోయినవాణ్ణి క్షయ ఖాతాలోనే ఉంచు, పొగ ఖాతాకు మార్చకు. తమిళనాడులో 43,000 మంది మగవాళ్ల మరణాలను తిరగేసి చూసి, క్షయతో పోయిన మగవాళ్లలో సగం మరణాలకు పొగే కారణమని తేల్చిన పరిశోధన 2003లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ పత్రిక మన ఆఫీసుకు రాదు, రాకపోవడమే మంచిది.

చూడనిది దొరకదు

ఆశా కార్యకర్త ముప్పై దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఒక ఫారం నింపుతుంది. పొగాకు ఎప్పుడూ వాడకపోతే సున్నా, ఒకప్పుడో అప్పుడప్పుడో అయితే ఒకటి, రోజూ అయితే రెండు. వయసు, నడుం చుట్టుకొలత, మద్యం, వంశంలో జబ్బులు అన్నీ కలిపి మార్కులు నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. ఇందులో నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. వాకిట్లో అత్త, అరుగు మీద మామ, పక్కింటావిడ వింటుండగా “అమ్మా, నువ్వు పొగాకు వేస్తావా?” అని అడిగించు చాలు, సున్నా దానంతటదే వస్తుంది. ఒంటరిగా కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగి, రెండు మాటలు మాట్లాడాక అడిగితే వచ్చే జవాబు వేరు. అంత తీరిక ఆమెకు దొరక్కుండా రోజుకో కొత్త యాప్ ఇచ్చి పుణ్యం కట్టుకుంటున్నారు పైవాళ్లు.

నోరు తెరిపించి టార్చి వేసి చూడటం కూడా అంతే. ముప్పై నుంచి నలభై తొమ్మిది ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా నోటి పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9 శాతం అని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. చూడకపోతే మచ్చ లేదు, మచ్చ లేకపోతే జబ్బు లేదు. మూడో నాలుగో దశలో మనిషి పట్నం ఆసుపత్రికి వెళతాడు, అక్కడి లెక్కలో కలుస్తాడు. అప్పుడు అది పట్నం సమస్య.

అడ్డపొగ జోలికి పోకు

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం వెంట పాతకాలపు అమ్మలు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటే అదే. పెదాలు మూసుకునే ఉంటాయి, చేతులు వల దగ్గరో వరి కట్ట దగ్గరో ఉంటాయి, పొగ ముక్కులోంచి వస్తుంది. గాలికి నిప్పు ఆరిపోదనీ, బూడిద చంకలో బిడ్డ మీద పడదనీ చెబుతారు. బాగా కాలిన అంగిలి తెల్లబడుతుంది, దళసరెక్కుతుంది, మధ్యలో ఎర్రచుక్కలు లేస్తాయి. కొందరికి అక్కడే పుండై మానదు. ప్రపంచంలో మిగతాచోట్ల చాలా అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనబడటానికి కారణం ఇదే.

మన దేశంలో పరిశోధనే లేదనే మాట నీకు ఎప్పుడో పనికొస్తుంది కాబట్టి ఈ కింది సంగతి గుర్తుపెట్టుకో, గుర్తుపెట్టుకుని దాచిపెట్టు. 1971లోనే ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు పరీక్షించి, అడ్డపొగ ఏం చేస్తుందో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చువేశారు. ఇప్పుడు మళ్లీ ఆ ఆశా కార్యకర్త ఫారం తీసి చూడు. పొగ తాగుతారా, నములుతారా అనే ఉంటుంది. ఏ కొస నోట్లో పెట్టుకుంటారని ఉండదు. అరవై ఏళ్లు నిప్పు మింగిన బెస్త ముసలమ్మకూ, స్నేహితులతో టీ కొట్టు దగ్గర రోజూ రెండు సిగరెట్లు కాల్చే ముప్పై దాటినవాడికీ పొగాకు గడిలో ఒకే మార్కులు పడతాయి. సమానత్వం అంటే ఇదే కదా.

బీడీ చుట్టేవాళ్లు పొగాకు వాడరు

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ వాడకు వెళ్లినా అరుగుల మీద ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. నానబెట్టిన తునికాకును కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కడతారు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. తంబాకు దుమ్ము వేళ్ల సందుల్లోకీ ముక్కులోకీ పోతుంది, రాత్రి అదే గదిలో పిల్లలు పడుకుంటారు. దగ్గు, నడుం నొప్పి, కళ్ల మంట వాళ్లకు మామూలే. కానీ పొగాకు వాడకం కాలమ్‌లో వాళ్ల పేర్లు రావు, ఎందుకంటే వాళ్లు కాల్చరు. వృత్తి వ్యాధుల కాలమ్‌లోనూ రావు, ఎందుకంటే ఇల్లు ఫ్యాక్టరీ కాదు. ఇలా రెండు కాలమ్‌ల సందులోంచి జారిపోయే మనుషులు నీలాంటి ఉద్యోగికి కొండంత అండ.

ఒక్క ఇబ్బంది ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పేరుతో మొదలైన పథకంలో బీడీ కార్మికులకు నెల పింఛను పెట్టింది. మొదట వెయ్యి, 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. అంటే ఒక శాఖ దగ్గర వాళ్ల పేర్ల జాబితా మొత్తం ఉంది! ఆ జాబితా తెచ్చుకుని ఊపిరితిత్తుల పరీక్షలు చేయిద్దామని ఎవరైనా అంటే, రెండు శాఖల మధ్య లేఖ నడవాలని చెప్పు. లేఖ నడుస్తూ ఉంటుంది.

బీడీ పేదవాడి వస్తువు, దాన్ని పీడించకూడదనేది మన దేశంలో అన్ని పార్టీలూ ఒప్పుకునే సిద్ధాంతం. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్టు, గుట్కాలకు 40 శాతం అంటూనే, బీడీ మీద 28 శాతాన్ని 18కి దించాలని నిర్ణయించింది. తునికాకు మీద పన్ను కూడా 18 నుంచి 5కి దించింది. పేదవాడి ఊపిరితిత్తులకు రాయితీ అని ఎవరూ అనలేదు. చుట్టేవాళ్ల ఉపాధి కోసమన్నారు. చుట్టేవాళ్ల కూలి పెంచే సంగతి జీఎస్టీ పరిధిలోకి రాదు.

నిషేధించినది ఉండదు

గుట్కా 2013లోనే నిషేధించారు కాబట్టి జిల్లాలో గుట్కా లేదు. పాన్ మసాలా ప్యాకెట్ ఒకటి, జర్దా ప్యాకెట్ ఒకటి పక్కపక్కన వేలాడుతుంటే అవి రెండు వేర్వేరు సరుకులు. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటే అది వాడి ఇంటి వ్యవహారం. బడికి వంద గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టం ఉంది కాబట్టి అమ్మడం లేదు. పదమూడు నుంచి పదిహేనేళ్ల బడిపిల్లల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నారని 2019లో సర్వే చెప్పింది. వాళ్లు నూట ఒకటో గజం దాకా నడిచి వెళ్లి ఉంటారు.

చివరి ఆయుధం: అనుమానం

ఇన్ని చేసినా ఎవరో కుర్ర డాక్టరు లేచి అంకెలతో ఎదురుపడతాడు. అప్పుడు కాదనకు. కాదంటే రుజువు అడుగుతారు. “ఇంకా పరిశోధన జరగాలి” అను. ఇది మన సొంత కనిపెట్టుడు కాదు, పెద్దల నుంచి వచ్చింది. గణాంకశాస్త్రానికి మూలపురుషుడు అనదగ్గ రోనాల్డ్ ఫిషర్ అంతటివాడు 1950ల చివర్లో సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని శంకించాడు, పొగాకు కంపెనీల కమిటీకి సలహాదారుగానూ ఉన్నాడు. గణాంకాలతో ఎలా మోసం చేస్తారో ప్రజలకు నేర్పుతూ 1954లో పుస్తకం రాసి లోకమంతా పేరు తెచ్చుకున్న డారెల్ హఫ్, 1965లో అమెరికా సెనేట్ ముందు సాక్ష్యమిచ్చి, కొంగలు పెరిగితే పిల్లలు పుట్టడం పెరిగిందన్న లెక్కలాంటిదే పొగాకు లెక్క కూడా అన్నాడు. పొగాకు కంపెనీల కోసం ఇంకో పుస్తకం కూడా మొదలుపెట్టాడు, అది వెలుగు చూడలేదు. 1969లో ఒక సిగరెట్ కంపెనీ లోపలి కాగితంలో తమ సరుకు అనుమానమేనని రాసుకున్నారు. సిగరెట్టు అనలేదు చూడు, ఎంత నిజాయితీ!

మనవాళ్లూ తక్కువ తినలేదు. ప్యాకెట్టు మీద హెచ్చరిక బొమ్మను ముందువైపు 40 శాతం నుంచి రెండువైపులా 85 శాతానికి పెంచే ఉత్తర్వు 2015 ఏప్రిల్ 1న అమలు కావాలి. దానికి ముందు ఒక పార్లమెంటు కమిటీ అధ్యక్షుడు పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం చూపే భారతీయ పరిశోధన లేదన్నాడు. అదే కమిటీలో ఒక బీడీ వ్యాపారి సభ్యుడు. ఉత్తర్వు వాయిదా పడి సరిగ్గా ఏడాది తర్వాత, 2016 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పరిశోధన లేదని ఆ అధ్యక్షుడు అన్ననాటికి శ్రీకాకుళం అమ్మల అంగిళ్లు అచ్చులోకెక్కి నలభై నాలుగేళ్లు. దాచిపెట్టమని ఎందుకు చెప్పానో తెలిసిందా?

గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధన కేంద్రం పెట్టారు. ఎగుమతుల పేజీని, ఆసుపత్రుల పేజీని ఒకే ఫైల్లో పెట్టకు. రెండూ పక్కపక్కన చదివినవాడు ఊరుకోడు.

అన్నిటికంటే జాగ్రత్తగా దాచాల్సింది ఇంకొకటి ఉంది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మంది పల్లెవాసులను తీసుకుని, ఇంటికి వెళ్లి నోరు చూసి, పక్కన కూర్చుని మాట్లాడి మాన్పించే పని కొందరు పరిశోధకులు ఏళ్ల తరబడి చేశారు. చెప్పగా విని చాలామంది మానేశారు, తగ్గించారు. క్యాన్సర్‌కు ముందొచ్చే తెల్లమచ్చలు వాళ్లలో తగ్గాయి. 1986లో ఇది కూడా లాన్సెట్‌లో వచ్చింది. పేదవాళ్లకు చెబితే అర్థం కాదు, వాళ్లు మారరు అని నివేదిక ముగింపులో రాసుకునే వాక్యం ఉంటుందే, దానికి ఇంతకు మించిన శత్రువు లేదు.

అలాగే పొగాకు ప్యాకెట్టు మీద, బొమ్మ కింద ఒక ఫోన్ నంబరు అచ్చు వేస్తున్నారు. మానాలనుకునేవాళ్లు చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా చెబుతారు, తెలుగులో కూడా మాట్లాడతారు. బడ్డీ కొట్లో విడిగా ఒక్క బీడీ, ఒక్క సిగరెట్టు కొనుక్కునే కూలివాడికి ప్యాకెట్టే కనబడదు కాబట్టి నంబరూ కనబడదు. నువ్వు కూడా పైకి చదవకు. చదివినా, ఎవరూ రాసుకోకుండా గబగబా చదివెయ్: 1800 112 356.